శీతల సముద్రయానమున బాల్కనీ గది



అమెరికాకో కెనడాకో బిడ్డను పంపని వీధి మన పల్లెలలో నేడు తక్కువ. అబ్బాయి సియాటిల్ నగరమున ఉద్యోగము సేయుచుండును. తల్లిదండ్రులు వేసవికి వచ్చినపుడు వారిని విహారనౌక యెక్కించి అలాస్కా తీరమున మంచుకొండలు చూపవలెనని అతనికి ముచ్చట. ఫోనులో నడుగును: “నాన్నగారూ, గది లోపలిది తీసికొందునా, బాల్కనీ గలది తీసికొందునా?” మనము తడవుకొనక, “మాకెందుకురా అంత ఖర్చు? పడుకొనుటకు చోటున్న చాలును” అందుము. ఆ జవాబు పెద్దఱికమునకు తగినదే. విషయము తెలిసి చెప్పినది మాత్రము కాదు. జన్మమున కొక్కసారి సేయు యాత్ర. మోకాళ్ల నొప్పియో, ఉబ్బసమో వెంట వచ్చు వయస్సు. గది తప్పిన యెడల ఏడుదినములును గోడలు చూచి తిరిగి రావలసివచ్చును. కావున కొంచెము నిదానించి యోచింతము.

నౌకలో గదులు స్థూలముగా మూడు తెఱగులు. నౌకగర్భమున కిటికీ లేని లోపలి గది మొదటిది. దీపమార్పిన పట్టపగలును అచ్చట అమావాస్యయే. రెండవదానికి సముద్రపు వైపున అద్దపు కిటికీ యుండును. అది తెఱచుటకు రాదు. మూడవది బాల్కనీ గది. మన మేడయింటి ముందరి వసారావంటిదే యిది. అద్దపు తలుపు త్రోసికొని వెలికి వచ్చిన రెండు కుర్చీలు పట్టు చోటు, నడుము పైవఱకు అడ్డు, అవ్వల సముద్రము. వెల మనిషి కింత యని చెప్పుదురే కాని గది కింత యని చెప్పరు. ఈ మాట మఱచి లెక్క వేసికొన్నవారు పిదప తెల్లబోవుదురు.

ఉష్ణదేశ సముద్రములలో బాల్కనీ లేకున్నను పెద్ద లోటు లేదని నా యభిప్రాయము. రేవుకును రేవుకును నడుమ కనబడునది నీరే. గాలి కావలసినవారు పైతట్టుమీద కూర్చుందురు. అలాస్కా సంగతి వేఱు. అచ్చట ఆగ్నేయ తీరమును కాచుచు సుమారు 1,100 దీవులు గలవు. వాని నడుమ సాగు ఇరుకు జలమార్గమునకు ఇన్‌సైడ్ పాసేజ్ అని పేరు. నౌక పోవుచున్నంతసేపు ఇరువైపుల దట్టపు అడవులు, మంచు కప్పిన శిఖరములు, అందుండి జాఱు సెలయేళ్లు. జూన్ మాసమున జూనో పట్టణమున రాత్రి పదిగంటలు దాటినగాని సూర్యుడస్తమింపడు; వేకువ నాలుగు కొట్టకమునుపే మరల నుదయించును. బ్రాహ్మీముహూర్తమున లేచు నలవాటున్న మనవారికి ఆ వేళ చూడదగినది చాల గలదు. అయితే ఆ చలిలో నిండు దుస్తులు తొడిగికొని, లిఫ్టు వెదకికొని, పైతట్టునకు పోవుట ఎందఱికి సాగును? బాల్కనీ యున్నవాడు శాలువ కప్పుకొని వెలికి వచ్చి పదినిమిషములు చూచును, చలి తగిలిన లోపలికి పోయి అద్దములోనుండి చూచును, మరల వచ్చును. దాని ప్రయోజనమంతయు ఈ రాకపోకలలోనే యున్నది.

చలి యెంత యని యడుగుదురేమో. వేసవిలో పగటివేళ సామాన్యముగా 10 మొదలు 18 డిగ్రీల వఱకు నుండును. అంకె చూచిన భయము లేదు. కాని నౌక గంటకు 20 నాట్ల వేగమున పోవుచుండును. నాట్ అనునది ఓడవారి కొలత. మన వరినాట్లతో దీనికి చుట్టఱికము లేదు. 20 నాట్లనగా గంటకు 37 కిలోమీటర్లు. గాలి వీచకున్నను ఆ వేగముననే ముఖమునకు గాలి కొట్టును. పైగా వాన. కెచికన్ అను రేవున ఏటికి 3,500 మిల్లీమీటర్లకు మించి వర్షము. మన అనంతపురమున సుమారు 550. మీద కప్పున్న బాల్కనీ ఆ జల్లులో ఎంత యుపకారియో చెప్పనక్కఱలేదు.

గదికంటె ముందు చూడవలసినది నౌక పోవు మార్గము. గ్లేసియర్ బే అను అఖాతమునకు పోవు నౌకయైన మేలు. 1794లో వాంకూవర్ నావికాదళమువారు వచ్చినప్పుడు అది దాదాపుగా అంతయు మంచుతో నిండియుండెను. 1879లో జాన్ మ్యూర్ అను ప్రకృతిపరిశీలకుడు చూచునప్పటికి మంచు సుమారు 40 మైళ్లు వెనుకకు తగ్గెను. 1916 నాటికి 65 మైళ్లు తగ్గెను. నేడు నౌకలు ఆ మంచు విడిచిన దారినే లోపలికి పోవును. అచ్చటి మార్జరీ హిమానీనదము పొడవు సుమారు 21 మైళ్లు, నీటియొద్ద దాని మొగము వెడల్పు ఒక మైలు. ఆ మంచు తెల్లనిది కాదు, నీలము. బాగుగా నొత్తుకొని గట్టిపడిన మంచు ఎఱ్ఱకాంతిని మ్రింగి నీలమును విడుచును. అప్పుడప్పుడు మేడంత పెళ్ల విఱిగి నీటబడును. అరమైలు దూరమున నున్నవారికి ముందు పడుట కనబడును; రెండు మూడు సెకండ్లకు పిడుగువంటి ధ్వని వినవచ్చును. లోపలి గదివానికి ఈ రెండును లేవు. కిటికీవానికి చూపు గలదు, ధ్వని దక్కుట కష్టము. ఈ అఖాతములోనికి పెద్ద విహారనౌకలను దినమునకు రెంటిని మాత్రమే పోనిత్తురు గాన, అన్ని నౌకలకును ఆ భాగ్యము లేదు.

ఇక కుడిప్రక్కయా, ఎడమప్రక్కయా యను వాదమున్నది. వాంకూవర్ నుండి ఉత్తరముగా సీవార్డు వఱకో, విట్టియర్ వఱకో ఒకేదిక్కు యాత్రయైన, తీరము కుడిప్రక్కకు వచ్చును; దక్షిణముగా మరలు నౌకలో ఎడమప్రక్కకు. బయలుదేఱిన రేవునకే తిరిగి చేరు యాత్రలో ఏ ప్రక్కయైనను ఒకటే. హిమానీనదము నెదుట నౌక నిలిచి మెల్లగా చుట్టు తిరుగును గాన ఇరుప్రక్కలవారికిని దర్శనమగును. సియాటిల్‌లో బయలుదేఱు నౌకలు తఱచుగా వాంకూవర్ దీవికి పడమరగా బహిరంగ సముద్రమున పోవుననియు, వాంకూవర్ నగరమున బయలుదేఱునవి దీవికిని తీరమునకును నడుమ పోవుననియు గుర్తుండవలెను. మొదటిదానిలో ఒకనాడంతయు బాల్కనీనుండి నీరే చూడవలసియుండును.

ఊగిసలాటకు వెఱచువారు ఏతమును తలచుకొనవలెను. ఏతపుమ్రాను కొనలెంత లేచి పడినను, నడుమ ఇరుసు వద్ద కదలిక స్వల్పము. నౌకయు నంతే. నడిమి భాగమున, వీలైనంత క్రింది అంతస్తున గది శ్రేష్ఠము. వెనుక కొననున్న బాల్కనీలకు ఎదురుగాలి తగలదు, చూపు విశాలము. కాని యంత్రపు అదురు, లిఫ్టునకు దూరము. ముందు కొన మనకు పనికిరాదు.

నే నెఱిగిన దంపతులొకరు వెల తక్కువ యని ఒక బాల్కనీ గది తీసికొనిరి. దాని ముందఱ ప్రాణరక్షక పడవ వ్రేలాడుచుండెను. ఏడుదినములును నారింజవన్నె పడవ వీపు చూచి వచ్చిరి. కాగితమున ఆ మాట చిన్న అక్షరములతో వ్రాసియే యున్నదట. మఱియొక చిక్కు చప్పుడు. గదిమీద ఈతకొలనో, భోజనశాలయో యున్నచో తెల్లవాఱకమునుపే కుర్చీ లీడ్చుట మొదలగును. పైనను క్రిందను గదులే యున్న అంతస్తు నిశ్శబ్దము.

ఇంత చెప్పియు, అందఱును బాల్కనీయే కొనవలెనని నేననను. కాళ్లు గట్టిగానుండి, గంటలకొలది నిలువగల దంపతులకు పైతట్టే మేలు. అచ్చట ఇరువైపులును కనబడును. పెక్కు నౌకలలో ముందుభాగమున అద్దాల మందిరము కూడ నుండును. హిమానీనదము చూచు దినమున మాత్రము ప్రొద్దుటనే చోటు పట్టవలెను. అట్టివారు లోపలి గది తీసికొని, మిగిలిన పైకముతో మంచి దుర్భిణి కొని, తిమింగలములు చూపు చిన్నపడవ యెక్కవచ్చును. దంపతులలో నొకరికి నడక కష్టమైన యెడల బాల్కనీ ఖర్చు దుబారా కాదు. రెండవవారు గూడ తోడుగా గదిలోనుండి చూడగలరు. లేనిచో ఒకరు పైన, ఒకరు చీకటిలో.

నార్వే తీరమున 1893లో ఆరంభమైన తీరనౌకల యాత్రలో బాల్కనీ గదులు కొద్ది. రేవులు 34 గాన దిగి చూచుటయే యెక్కువ. దక్షిణధ్రువ ఖండమున 500 మందికి మించిన ప్రయాణికులు గల నౌకవారిని ఒడ్డున దింపరు. అట్టి నౌకలో బాల్కనీయే సర్వస్వము.

డబ్బు కట్టుటకు ముందు కాగితములు చూచుకొనుడు. 1886 నాటి అమెరికా చట్టము ననుసరించి విదేశపు జెండాగల నౌక, సియాటిల్‌లో బయలుదేఱి సియాటిల్‌కే చేరునప్పుడు, నడుమ ఒక విదేశపు రేవును తాకవలెను. అందుచే కెనడాలోని విక్టోరియా రేవు వచ్చును. భారత పాస్‌పోర్టు గలవారికి కెనడా వీసా కావలెను. అమెరికా వీసా పలుమాఱులు ప్రవేశించుటకు వీలిచ్చునదై యుండవలెను. అబ్బాయి మరల ఫోను చేసినపుడు ఆ నౌక అంతస్తుల పటమును కూడ పంపుమనుడు. గది సంఖ్యమీద వ్రేలుంచి, మీద నేమున్నది, క్రింద నేమున్నది, ముందఱ పడవ యున్నదా యని మీరే చూచుకొనవచ్చును.