కేంద్రకములో చిక్కుపడని పోగు



మానవదేహమందలి సామాన్య జీవకణములో 46 డి.ఎన్.ఏ. పోగులు గలవు. వానిని కొసకు కొస చేర్చి సాచినచో సుమారు 2 మీటర్లగును. అవి ఇమిడియున్న కేంద్రకపు అడ్డుకొలత ఇంచుమించు మీటరులో లక్షవవంతు. ఆ కేంద్రకము ఒలిచిన కొబ్బరికాయంత, అనగా 10 సెంటీమీటర్లంత యైనదనుకొందము. అప్పుడందలి పోగు 20 కిలోమీటర్ల పొడవుండును. మందము మాత్రము తలవెండ్రుకకంటెను తక్కువ!

నూలు వడికినవారెరుగుదురు. పోగును గంపలో కూరినచో చిక్కుపడును. చిక్కుపడినది లాగిన రాదు. కణమునకో, నిరంతరము ఈ పోగులో ఏదో ఒక భాగమును విప్పి చదువుకొనవలసిన పని యున్నది.

మొదటి ఉపాయము చుట్టుట. హిస్టోనులను ప్రోటీనుల ముద్దపై 147 అక్షరజంటల పోగు రెండు చుట్లకు కొంచెము తక్కువగా చుట్టుకొనును. 1974లో రోజర్ కార్న్‌బర్గ్ ఈ కట్టడమును ప్రతిపాదించెను. దీనిని పూసలదండ యనుట వాడుక. కాని పూసలో దారము లోపలినుండి పోవును. ఇచ్చట పోగు వెలుపల చుట్టుకొనును. కండె యనుటయే మేలు.

అంతమాత్రమున చిక్కు తీరదు. 1988లో గ్రోస్‌బర్గ్, నెచాయెవ్, షఖ్నోవిచ్ అను సోవియట్ భౌతికశాస్త్రజ్ఞులు ఒక ఊహ చేసిరి. పొడవైన పోగు ముడిపడకుండ ముడుచుకొనునప్పుడు ప్రతి తునుకయు ముందు తనలో తాను ముద్దయగును. ఆ ముద్దలు కలిసి పెద్దముద్దలగును. ఇట్టి ముద్దలో ఏ భాగమునైనను సులువుగా విప్పవచ్చును. ఇరువదియొక్క సంవత్సరముల పిమ్మట, 2009లో, పోగున ఏ చోటు ఏ చోటును తాకుచున్నదో లెక్కించు పద్ధతి వెలువడెను. సుమారు 5 లక్షలనుండి 70 లక్షల అక్షరముల దూరమువరకు, దూరము రెట్టింపైనచో తాకుడు సగమగుచుండెను. ముడులుపడిన ముద్దయైనచో ఇంకను వేగముగ తగ్గవలెను. కాగితముమీది ఊహకు కణమే సాక్ష్యమిచ్చినది.

అయితే అదియే సర్వము కాదు. కొహెసిన్ అను ఉంగరమువంటి ప్రోటీను పోగును ఉచ్చుగా లాగుచు, సి.టి.సి.ఎఫ్. అను ప్రోటీను కూర్చున్నచోట ఆగును. అట్టి చోట్లు పొలముల నడుమ గట్లవంటివి. ఒక మడి నీరు మరియొక మడికి పోనీయవు.

గట్టు తెగినచో నేమగును? 2015లో బెర్లిన్ పరిశోధకులు పుట్టుకతోనే వేళ్లు కురుచయైన కొన్ని కుటుంబములవారిని పరీక్షించిరి. పాక్స్3 అను జన్యువులో దోషము లేదు. దాని ప్రక్కనున్న కొంత పోగు, దానితోపాటు గట్టు, లోపించెను. పొరుగు జన్యువునకు ఉద్దేశించిన ఆజ్ఞలు పాక్స్3 మీదికి వచ్చిపడెను. ఎలుకలలో ఇట్టి లోపమునే కల్పించినప్పుడు వాని వేళ్లును కురుచయ్యెను. ఇంచుమించు అంత పోగునే తీసివేసి, గట్టును మాత్రము నిలిపినప్పుడు వేళ్లు సరిగనే పెరిగెను.