పచ్చరంగు వేసిన చోట
(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగం)



మేము హైదరాబాద్‌లో నగర ప్రణాళిక డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్పేవాళ్లం. ప్లానింగ్ అంటే ఇంటి ప్లాన్ గీయడమేనని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. మా దగ్గర చేరేవాళ్లలోనూ ఎక్కువమంది ఇంజనీరింగ్‌లోనో ఆర్కిటెక్చర్‌లోనో కోరుకున్న సీటు రానివాళ్లే. మొదటి ఏడాది సగం వాళ్ల మనసు కుదుటపడటానికే సరిపోతుంది.

అసలు చిక్కు ఆ తర్వాత. 1908 మూసీ వరద, విశ్వేశ్వరయ్యగారి సలహాతో వచ్చిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్, 1912 నాటి సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు, ఇవన్నీ ఒక గంటలో చెప్పేయొచ్చు. ఆ బోర్డు కట్టించిన పత్తర్‌గట్టీలో నిలబడి జనం ఎటు నడుస్తున్నారో, ఎక్కడ ఆగుతున్నారో గమనించడం గంటలో వచ్చే విద్య కాదు. టైమ్‌టేబుల్లో దానికి చోటు లేదు. మునిసిపాలిటీలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన ప్లానర్‌ను పాఠానికి పిలుద్దామంటే పీహెచ్‌డీ ఉందా అని అడుగుతారు. పీహెచ్‌డీ ఉన్న మాలో చాలామందిమి ఒక్క లేఔట్ ఫైలైనా చూసినవాళ్లం కాదు. ఇది మా లోపమే.

ఒకసారి మూసీ ఒడ్డున ఒక బస్తీకి భూవినియోగ పటం తయారుచేయమన్నాం. పిల్లలు ఉపగ్రహ చిత్రం ముందు పెట్టుకుని ఇళ్లకు పసుపు, దుకాణాలకు నీలం, ఖాళీ జాగాలకు పచ్చ వేసి చక్కగా తెచ్చారు. మేమూ మంచి మార్కులే వేసేవాళ్లం. ఒక అమ్మాయి మాత్రం బస్తీకి వెళ్లివచ్చింది. ఆ బ్యాచ్‌లో ఉర్దూ వచ్చింది ఆమె ఒక్కతికే.

"సార్, మనం పసుపు వేసిన ఇళ్లలో ఆడవాళ్లు రోజంతా లక్క గాజులకు రాళ్లు అతుకుతున్నారు. ఇక్కడ పచ్చరంగు వేశాం కదా, చెట్ల కింద రేకుల ఇళ్లున్నాయి. పదకొండు కుటుంబాలు" అంది.

అదే నిజమైన మాస్టర్ ప్లాన్ అయితే ఆ పదకొండు కుటుంబాలు కాగితం మీద లేనట్టే. మాలో ఎవరికీ కాసేపు మాట రాలేదు. మేము మార్కులు వేసే పట్టికలో బస్తీకి వెళ్లారా, ఎవరితో మాట్లాడారు అన్న గడే లేదు. మరుసటి ఏడాది నుంచి పెట్టాం.

చదివాక ఉద్యోగం మాటేమిటని తల్లిదండ్రులు అడుగుతారు. రాష్ట్రాల పట్టణ ప్రణాళిక శాఖలకు 12 వేలకు పైగా ప్లానర్లు కావాలని, మంజూరైన పోస్టులు 4 వేలలోపేనని, వాటిలోనూ సగం ఖాళీగా ఉన్నాయని 2021లో నీతి ఆయోగ్ నివేదిక చెప్పింది. చాలా రాష్ట్రాల్లో ఆ పోస్టుకు ప్లానింగ్ చదువు తప్పనిసరి కూడా కాదట! కాబట్టి తియ్యటి మాటలు చెప్పం. మా పిల్లల్లో ఎక్కువమంది ముందు కన్సల్టెన్సీల్లో చిన్న జీతంతోనే మొదలుపెడతారు.

అయినా ఆ బస్తీ భాష తెలిసిన పిల్లలు మాకు కావాలి. ఇక్కడున్న ఇంటర్ ఎంపీసీ పిల్లలకు ఒక మాట. విజయవాడ ఎస్‌పీఏలో నాలుగేళ్ల బీ.ప్లాన్ ఉంది. దానికి జేఈఈ మెయిన్‌లో పేపరు వేరు, ఇంజనీరింగ్ పేపరు రాస్తే చాలదు. దరఖాస్తులోనే ఆ పేపరు ఎంచుకోవాలి. చాలామంది తప్పేది అక్కడే. దరఖాస్తులు మొదలయ్యాక ప్రతి ఆదివారం జుహర్ తర్వాత మాలో ఇద్దరం సొసైటీ ఆఫీసులో కూర్చుంటాం. మార్కుల మెమోలు తెచ్చుకోండి.