గుండె బాగైంది, మనసు బాగుకాలేదు
(వార్షికోత్సవ సభలో కంచి చేనేత సొసైటీ కార్యదర్శి ఒకరు చేసిన ప్రసంగం)

మేము చదివింది ఎనిమిదో తరగతి. కంచిలో సొసైటీ లెక్కలు రాసుకునేవాళ్ళం. వైద్యం చెప్పేంత తెలివి మాకు లేదు. మా మీదికి వచ్చిన సంగతి మాత్రం చెప్తాము.

మూడేండ్ల కిందట మాకు గుండెపోటు వచ్చింది. స్టెంటు వేసి ఇంటికి పంపినారు. చూడవచ్చిన వాళ్ళంతా "గండం గడిచింది" అన్నారు. మేమూ అవునన్నాము. లోపల మాత్రం అట్ల లేదు. తెల్లారి నాలుగింటికే మెలకువ. అన్నం సయించదు. నలభై ఏండ్లు కూర్చున్న గుంట మగ్గం దిక్కు చూడబుద్ధి కాదు. మనవడు ఒళ్ళోకి వచ్చినా విసుగే. కోర్వై చీరకు ఇద్దరు కావాల. మేము లేచిపోతే పక్కన కూర్చునే వాడి కూలీ పోయింది. అందరికీ భారమైతిమే అని ఒకటే యోచన.

ఇంట్లో వాళ్ళు నీరసం అనుకున్నారు. అప్పుడు మేము ఒక తప్పు చేసినాము, చెప్పడానికి సిగ్గుగానే ఉంది. మాత్రలు మింగినట్టు చూపించి జరీ డబ్బాలో వేసేవాళ్ళం. ఇంకెందుకు ఈ బతుకు అనిపించేది. నాలుగో దినం మా ఇంటామె డబ్బా తెరిచింది. తిట్టలేదు. ముందర కూర్చుని, "డాక్టరుకు మీరు చెప్తారా, నేను చెప్పాల్నా?" అనింది.

మేమే చెప్పినాము. స్టెంటు వేసినాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలు ఆపితే ప్రాణానికే ముప్పు అన్నారు డాక్టరు. తర్వాత రెండు ప్రశ్నలు అడిగినారు. ఈ రెండు వారాల్లో దిగులుగా ఉందా? ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోయిందా? రెండింటికీ అవునన్నాము. గుండెపోటు వచ్చినవాళ్ళలో అయిదుగురిలో ఒకరికి దాకా ఇట్లా డిప్రెషన్ వస్తుందట. అది పిరికితనం కాదు, జబ్బు. వదిలేస్తే గుండెకూ చేటు. వైద్యం ఉంది.

మనసు డాక్టరుకు గుండె మాత్రల చీటీ చూపించినాము. ఆయన ఇచ్చిన మందు పనిచేయడానికి కొన్ని వారాలు పట్టింది. దినం పది నిమిషాలతో నడక మొదలుపెట్టినాము. మగ్గం ఎక్కకముందు మనవడితో కూర్చుని కండెలు చుట్టినాము. చెయ్యికి పని దొరికినాక మాట కూడా తిరిగి వచ్చింది. ఇప్పటికీ కొన్ని దినాలు బరువుగానే ఉంటాయి. అయితే ఇప్పుడు దాచుకోము.

మన ఇండ్లలో గుండెపోటు వచ్చిన పెద్దవాళ్ళను "ధైర్యంగా ఉండు" అని వదిలేయకండి. ఆ రెండు ప్రశ్నలు అడగండి. మాత్రలు నిజంగా మింగినారా చూడండి. ఎదలో నొప్పి, ఆయాసం, చెమటలు వస్తే మాత్రం మనసుదే అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. చచ్చిపోవాలని ఉంది అంటే ఒంటరిగా వదలొద్దు. సర్కారు టెలీ మానస్ నెంబరు 14416 ఉంది. రాత్రింబగళ్ళు ఉచితం, తెలుగులో కూడా మాట్లాడతారు.

మా సొసైటీలో ఒక కట్టుబాటు చేసుకున్నాము. సభ్యుడికి గుండెపోటు వస్తే మూడు నెలలు వారానికొకరు పోయి కూర్చోవాల. బాకీల మాట ఎత్తకూడదు. పడుగులో పోగు తెగితే మగ్గం ఆపి అతుకుతాము కదా. మనిషి కోసం కూడా కొంచెంసేపు ఆపుదాం. మీ సొసైటీల్లో కూడా ఇది పెట్టుకోండని చేతులెత్తి అడుగుతున్నాము. సెలవు.