జోళ్ళ కార్ఖానా నుండి రోము నగరానికి
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

పాటల నడుమ పరుగుల మాటేమిటని కొందరు నవ్వుతున్నారు. కానీ సాండ్రింగ్‌హామ్‌లో పప్పూ చింతపండూ కొనుక్కునే మనలో ఎందరికి తెలుసు, ఆ పక్కనే ఉన్న ఒవైరాకాలో లోకానికి పరుగు నేర్పిన మనిషి కాపురముండేవాడని?

ఆయన పేరు ఆర్థర్ లిడియార్డ్. 1917లో ఆక్లండ్‌లోనే పుట్టారు. జోళ్ళ కార్ఖానాలో పని. చాలక తెల్లవారుజామున ఇంటింటికీ పాలు పోసేవారు. రగ్బీ ఆడేవారు కనుక తనది గట్టి ఒళ్ళే అనుకున్నారు. ఒకనాడు క్లబ్బులోని పెద్దాయన వెంట అయిదు మైళ్ళు పరుగెత్తేసరికి ప్రాణం కడబట్టింది. ఇప్పుడే ఇలాగైతే నలభై ఏడేళ్ళకు నా గతేమిటి అనుకున్నారట. ఆ రోషమే ఆయనకు గురువు.

సుమారు పదేళ్ళు తన ఒంటిమీదనే ప్రయోగాలు చేసుకున్నారు. వారానికి కొన్ని మైళ్ళు, మరోసారి రెండు వందలకు పైగా. ఏది బలమిచ్చింది, ఏది కుంగదీసింది అని చూసుకున్నారు. చివరకు తేలినది వారానికి నూరు మైళ్ళు. ముందు నెలల తరబడి నిదానంగా దూరం, తరువాత కొండలెక్కడం, చివరికే వేగం. 1953లోనూ 1955లోనూ దేశపు మారథాన్ ఛాంపియన్ ఆయనే.

ఇక శిష్యులు. ఎక్కడెక్కడి నుంచో ఏరి తెచ్చినవారు కారు, క్లబ్బుకు వచ్చిన కుర్రాళ్ళు. వారిలో ముర్రే హాల్‌బర్గ్‌కు రగ్బీలో దెబ్బ తగిలి ఎడమచేయి చచ్చుబడింది. పీటర్ స్నెల్ పరుగెత్తవలసింది 800 మీటర్లే, అయినా ఆయన్ను వైటాకరే కొండల మీదుగా 22 మైళ్ళ వైయాటరువా దారిలో పరుగెత్తించారు. రెండు నిమిషాల పందానికి రెండు గంటల పరుగా అని ఆనాడు వింతపడనివారు లేరు.

1960 సెప్టెంబరు 2న రోము ఒలింపిక్స్‌లో స్నెల్ 800 మీటర్లు గెలిచాడు. గంట తిరగకముందే హాల్‌బర్గ్ 5000 మీటర్లు గెలిచాడు. కొన్నాళ్ళకు బారీ మగీ మారథాన్‌లో కాంస్యం తెచ్చాడు. అప్పటికి లిడియార్డ్ జట్టుకు అధికారిక శిక్షకుడు కూడా కారు! 1964లో టోక్యోలో స్నెల్ మరి రెండు స్వర్ణాలు గెలిచాడు.

అమెరికాలో ఆరెగన్ విశ్వవిద్యాలయపు శిక్షకుడు బిల్ బోవర్‌మన్ 1962 చివర ఇక్కడికి వచ్చి, లిడియార్డ్‌గారి జాగింగ్ బృందంతో పరుగెత్తబోయి ఆయాసపడ్డారు. డెబ్బై దాటిన ఒక పెద్దాయన జాలిపడి తోడు నిలిచాడట. ఆయన ఇంటికి వెళ్ళి జాగింగ్ మీద పుస్తకమే వ్రాశారు. లిడియార్డ్ ఫిన్లండ్‌కు కూడా వెళ్ళి అక్కడి శిక్షకులకు తన పద్ధతి చెప్పారు. 2004లో అమెరికాలో ఉపన్యాస యాత్రలో ఉండగానే కన్నుమూశారు.

మన తెలుగునాట చూడండి. వరంగల్ జిల్లా కల్లెడ కూలీల బిడ్డ జీవాంజి దీప్తి, నాగపురి రమేశ్‌గారి శిక్షణలో 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లకు కాంస్యం తెచ్చింది.

ఇక మా ఇంటి సంగతి దాచుకోము. మా తాతలు ఫిజీలో చెరకు నరికారు. 1987 తరువాత మేము ఇక్కడికి వచ్చాము. చదువొక్కటే గట్టెక్కిస్తుందని నమ్మినవాళ్ళం. అందుకే పోయిన శీతకాలంలో మా చిన్నవాడిని బడి క్రాస్ కంట్రీ మాన్పించి లెక్కల ట్యూషన్‌కు పంపాము. వాడు ఏమీ అనలేదు. బూట్లు మాత్రం గరాజులో ఒక మూలకు విసిరేశాడు. లెక్కల్లో మార్కులూ పెరగలేదు.

స్నెల్ పరుగులు మానిన తరువాత అమెరికా వెళ్ళి డాక్టరేటు పుచ్చుకున్నారని మాకు ఆ తరువాతనే తెలిసింది.

ఈ ఏడు ట్యూషన్ వేళ మార్చాము. మొన్న పందెంలో వాడు చివరినుండి మూడోవాడు. మోకాళ్ళదాకా బురద. వాళ్ళమ్మ ఫ్లాస్కులో చారు పట్టుకుని గీత దగ్గరే నిలబడింది.