గడియారపు వేళ - విమాన ప్రయాణము



గల్ఫు దేశములకు, అమెరికాకు, ఇంగ్లండుకు తమ పిల్లలను పంపిన కుటుంబములు మన పల్లెలలో అనేకము గలవు. వారిలో పెక్కుమంది శంషాబాదు విమానాశ్రయము నుండియే బయలుదేరుచున్నారు. ఈ విమానాశ్రయము 2008 మార్చి 23 నుండి పనిచేయుచున్నది. ప్రయాణపు వేళను పొరపాటుగా గ్రహించినచో అప్పుచేసి కొన్న టిక్కెట్టు సొమ్ము పోవును. దొరకిన ఉద్యోగము సైతము చేజారవచ్చును. కావున కాలమానమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచినాము.

పూర్వము ఏ ఊరి వేళ ఆ ఊరిదే. సూర్యుడు నడినెత్తికి వచ్చిననే మధ్యాహ్నము. భూమి ఒక డిగ్రీ తిరుగుటకు 4 నిమిషములు పట్టును గనుక తూర్పు ఊళ్లకు ముందుగాను, పడమటి ఊళ్లకు ఆలస్యముగాను మధ్యాహ్నమగును. రైళ్లు వచ్చిన పిదప ఊరికొక వేళ పనికిరాదయ్యెను. మన రైళ్లు చాలకాలము మద్రాసు వేళను అనుసరించెను. 1906 జనవరి 1 నుండి 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమును బట్టి దేశమునకంతకు ఒకే ప్రామాణిక కాలము ఏర్పడినది. ఆ రేఖ తెలుగునాట కాకినాడకు సమీపముగా పోవును. శంషాబాదు దానికి సుమారు 4 డిగ్రీలు పడమట నున్నది. కావున ఇచ్చటి సూర్యుని లెక్కకంటె మన గడియారము సగటున 16 నిమిషములు ముందు నడచును. నేడు ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల పరమాణు గడియారములతో ఈ కాలమును కాపాడుచున్నది.

కొన్ని దేశములలో ఋతువును బట్టి గడియారమునే జరుపుదురు. లండనులో నడివేసవి పగలు 16 గంటలకు మించును. నడి చలికాలపు పగలు 8 గంటలైనను ఉండదు. వేసవి వెలుగు సాయంత్రపు వేళ అక్కరకు వచ్చుటకై అచ్చట మార్చి చివరి ఆదివారమున గడియారమును ఒక గంట ముందుకు జరిపి, అక్టోబరు చివరి ఆదివారమున వెనుకకు త్రిప్పుదురు. అమెరికాలోని పెక్కు రాష్ట్రములలో ఈ మార్పులు మార్చి రెండవ ఆదివారమున, నవంబరు మొదటి ఆదివారమున జరుగును. మన ప్రాంతమున మిక్కిలి దీర్ఘమైన పగటికిని మిక్కిలి కురుచైన పగటికిని భేదము సుమారు 2 గంటలే. కావున మనకు ఈ మార్పుతో అంత ప్రయోజనము లేదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున మాత్రము 1942 సెప్టెంబరు నుండి 1945 అక్టోబరు వరకు భారత ప్రామాణిక కాలమును ఒక గంట ముందుకు జరిపియుంచిరి.

మన గడియారము కదలకున్నను వారి గడియారము కదలును. లండను మనకంటె చలికాలమున 5½ గంటలు, వేసవిలో 4½ గంటలు వెనుకబడి యుండును. దుబాయి ఏడాది పొడవునను 1½ గంట వెనుకనే యుండును. ఇట్టి మార్పులను బట్టి మార్చి, అక్టోబరు నెలల చివర విమానముల పట్టికలు మారును. "పోయిన నెలలో మా మేనల్లుడు ఈ వేళకే పోయినాడు" అని నమ్మి ఎవరును బయలుదేరరాదు. తమ టిక్కెట్టునే చూచుకొనవలెను. అందలి బయలుదేరు వేళ బయలుదేరు ఊరిది. చేరు వేళ చేరు ఊరిది. శంషాబాదున విమానమెక్కువారు గంటలు కలుపనక్కరలేదు, తీసివేయనక్కరలేదు.

అంతకు మించిన చిక్కు తేదీ విషయమున గలదు. మన పంచాంగమున వారము సూర్యోదయముతో మారును. టిక్కెట్టుపై తేదీ అర్ధరాత్రితోనే మారును. శంషాబాదు నుండి విదేశములకు పోవు విమానములు అనేకము అర్ధరాత్రి దాటిన పిదప బయలుదేరును. టిక్కెట్టుపై సోమవారము 02.00 గంటలు అని యున్నచో అది మన వాడుకలో ఆదివారము రాత్రియే. ఆ ప్రయాణికుడు ఆదివారము రాత్రి 11 గంటలకే విమానాశ్రయమున ఉండుట మేలు. సోమవారము సాయంత్రము ఊరి నుండి కదలినవానికి విమానము దొరకదు.

సభ్యులారా! ఈ విషయములను పంచాయతీ ప్రకటన బల్లపై పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. ప్రయాణము నిశ్చయమైన ఇంటివారు టిక్కెట్టు తెచ్చి చూపినచో, తేదీ, వారము, ఇల్లు విడువవలసిన రాత్రి విడమరచి చెప్పి, కాగితముపై వ్రాసి యిండు. ఇందుకు పంచాయతీకి ఖర్చు లేదు. ఒక కుటుంబపు కష్టార్జితము నిలుచును.