బండి నేర్చుకున్నామా, అలవాటు పడ్డామా?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్కాలర్‌షిప్పుల సంగతి కార్యదర్శిగారు చెప్పారు. మోటారు సైకిళ్ళ సంగతి మాకు అప్పగించారు. సంక్షేమ సంఘానికీ మోటారు సైకిళ్ళకూ ఏం సంబంధమని కొందరు నవ్వారు. నిరుడు రంజాన్‌లో మన వీధి కుర్రవాడొకడు ఇఫ్తార్‌కు పండ్లు తేబోయి, మలుపులో ఇసుక మీద జారి, కాలు విరిగి మూడు నెలలు మంచం పట్టాడు. ఆ ఇంటికి సంపాదన అతనిదే. ఆ మూడు నెలలూ బియ్యం పంపింది మన సంఘమే. అదీ సంబంధం.

పరామర్శకు వెళ్ళి "బ్రేకు వేశావా బేటా?" అని అడిగాము. "గట్టిగా తొక్కిపట్టాను చాచా" అన్నాడు. చక్రం బిగుసుకుంది, బండి అడ్డంగా పోయింది. మలుపుకు ముందే వేగం తగ్గించుకోవాలని అతనికెవరూ చెప్పలేదు. నిజానికి మాకూ ఎవరూ చెప్పలేదు. అన్నగారి బండి తీసుకుని వీధి చివరిదాకా వెళ్ళొచ్చి, లైసెన్సు కోసం ఎనిమిది అంకె చుట్టి పాసైన వాళ్ళమే మనలో చాలామందిమి.

అందుకని ఒక ఆదివారం పొద్దున షాదీఖానా ముందున్న సిమెంటు స్థలంలో సాధన పెట్టుకున్నాము. మేము ఉస్తాదులం కాము, సర్టిఫికెట్లు ఇచ్చేది లేదు. ఒక మెకానిక్ భాయి, రిటైరైన డ్రైవరు ఒకాయన దగ్గరుండి చూశారు. ఖర్చల్లా ముగ్గుపిండికీ, చాయ్‌కీ. ఖాళీ నీళ్ళసీసాలు ఎవరింట్లోనైనా ఉంటాయి.

మెకానిక్ భాయి ముందుగా బండ్లన్నీ చూశాడు. టైర్లలో గాలి లేనివి, చెయిను వేలాడేవి, బ్రేకు అరిగినవి పక్కన పెట్టించాడు. అందులో కార్యదర్శిగారి బండి కూడా ఒకటి, వారు ఏమీ అనుకోరాదు.

తర్వాత ఆఖరున వచ్చినవాడే గెలిచే పందెం. కాలు కింద పెట్టకూడదు. రోడ్డు మీద గాలిలో ఎగిరిపోయే కుర్రాళ్ళు నాలుగు గజాలకే కాళ్ళు దించారు. గెలిచింది పాలు పోసే పెద్దాయన! క్లచ్ సగం పట్టి, వెనక బ్రేకు కొద్దిగా ఆనించి, చూపు చక్రం మీద కాకుండా దూరంగా పెట్టాడు. కిటుకంతా అదే.

ఎక్కువసేపు పట్టింది బ్రేకుల దగ్గర. ముందు బ్రేకు పడితే బండి తిరగబడుతుందని అందరికీ భయం. బ్రేకు పడగానే బరువు ముందు చక్రం మీదికి వస్తుంది గనుక బండిని ఆపడంలో పెద్దవాటా ముందు బ్రేకుదే. అయితే బండి నిటారుగా ఉండాలి. ఒక్కసారి గుంజరాదు, నిమ్మకాయ పిండినట్టు క్రమంగా పిండాలి. 60 కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకనుకు సుమారు 17 మీటర్లు పోతాము, చెయ్యి బ్రేకు మీదికి చేరేలోపు అంత దూరం దాటిపోవచ్చు. బ్రేకు పడ్డాక కూడా, వేగం రెండింతలైతే ఆగడానికి నాలుగింతల దూరం కావాలి. 2019 ఏప్రిల్ నుంచి 125 సి.సి. దాటిన కొత్త బండ్లకు ఏబీఎస్ తప్పనిసరి చేశారు, నిజమే. మనవాళ్ళవి చాలావరకు చేతులు మారిన పాత బండ్లు.

ఒక తండ్రి పదిహేనేళ్ళ పిల్లవాణ్ణి తెచ్చాడు. వద్దన్నాము. కోపం వచ్చింది. "వీడు నడపకపోతే మా దుకాణం సరుకు ఎవరు తెస్తారు?" అన్నాడు. 2019 చట్ట సవరణ ప్రకారం మైనరు చేతికి బండిస్తే పెద్దవాళ్ళకు 25 వేల జరిమానా, మూడేళ్ళ వరకు జైలు అని చెప్పాము. వెళ్ళిపోయాడు. ఆ సరుకు ఎవరు తేవాలో మాకూ తోచలేదు. ఈ సభలో ఎవరికైనా తోస్తే చెప్పండి.

స్కూటరు నడిపే అక్కచెల్లెళ్ళు తమకు వేరే గంట కావాలన్నారు. బురఖా అంచు, చున్నీ కొస చక్రంలో పడకుండా సర్దుకునే తీరు కూడా అందులో చూపించాలి. ముందు నిలబడి చూపడానికి ఒక ఆడమనిషి కావాలి. ఇష్టమున్నవారు సభ ముగిశాక మమ్మల్ని కలవండి. వచ్చే సాధనకు హెల్మెట్ లేనివారిని గీత దాటనివ్వము. ఐఎస్ఐ గుర్తున్నదే తేవాలి. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్నది తేవద్దు, అది పైకి బాగానే కనిపించినా సరే.