మొలాసిస్‌లో నానిన బండి
(బోధన్ ప్రాంత సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి చెరకు ధర, పసుపు ధర మాట్లాడుకున్నాం. అన్నాలు తిన్నాక నిద్ర వచ్చే టైముకు మాకు అప్పజెప్పిన విషయం వేరే. బయట వేపచెట్టు కింద నీలం రంగు బండి ఉంది కదా, దాని కథ చెప్పమన్నారు. పొద్దున దాన్ని చూసి ఇద్దరు ముగ్గురు నవ్వారు. నవ్వితే నవ్వనీయండి, ఏడాది కింద మేమూ నవ్వినవాళ్లమే.

అది అల్విన్ నిస్సాన్. 1988 మాడల్. మూడు అక్షరాల పాత నంబరు. ఇక్కడున్న పిల్లలకు ఆ పేరు తెలియదు. ఇది జపాన్ నుంచి దిగిన బండి కాదు, మన జహీరాబాద్‌లో తయారైంది. ఫ్రిజ్‌లు, గడియారాలు, బస్సు బాడీలు చేసిన హైదరాబాద్ అల్విన్ అప్పట్లో ప్రభుత్వ సంస్థ. అది నిస్సాన్ కంపెనీతో కలిసి జహీరాబాద్‌లో చిన్న లారీల ఫ్యాక్టరీ పెట్టింది. 1989లో ఆ ఫ్యాక్టరీ మహీంద్రా చేతికి పోయింది. కొన్నాళ్లకు అల్విన్ కూడా లేకుండా పోయింది.

ఈ ముచ్చట ఎక్కడో విన్నట్టుంది కదా? 1937లో మొదలైన మన నిజాం షుగర్ ఫ్యాక్టరీ కూడా ప్రభుత్వానిదే. 2002లో యాభై ఒక్క శాతం వాటా ప్రైవేటుకు ఇచ్చారు. 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి మూడు చోట్లా లేఆఫ్ నోటీసు అంటించారు. పునరుద్ధరణకు 2024 జనవరిలో కమిటీ వేశారు. శక్కర్‌నగర్ చిమ్నీ ఇంకా పొగ వదలలేదు. దాని మీద పొద్దున తీర్మానం చేశాం కాబట్టి మళ్లీ చెప్పను.

ఈ బండి మా సంఘం పాత సభ్యుడిది. మేమంతా కాకా అని పిలిచేవాళ్లం. విత్తన చెరకు, ఎరువు బస్తాలు, ఫ్యాక్టరీ నుంచి ప్రెస్ మడ్ అన్నీ దాని మీదే మోసేవాడు. సంఘం మీటింగులకు మైకు సెట్టు, దరీలు కూడా అందులోనే వచ్చేవి. ఫ్యాక్టరీ ఆగాక మా దగ్గర చాలామంది చెరకు పీకి వరి వేసుకున్నారు. బండికి పని తగ్గింది. కాక పోయాక కొట్టం వెనక నిలబడిపోయింది. కోళ్లు అందులో గుడ్లు పెట్టేవి. నిరుడు ఎండాకాలం పాత ఇనుప సామాను వ్యాపారి వచ్చి కిలోల లెక్కన అడిగాడు. చిన్నమ్మ మాకు కబురు పంపింది. "అమ్మేస్తా, కాని ఒక్కసారి చూసి పోండి" అన్నది.

చూడ్డానికి పోయినవాళ్లం కొనుక్కొని వచ్చాం. ఆ వ్యాపారి ఇస్తానన్న డబ్బే ఇచ్చాం, ఎక్కువ ఇస్తే చిన్నమ్మ తీసుకోలేదు. కమిటీలో పెద్ద పంచాయితీ అయింది. చందా డబ్బుతో డొక్కు బండి కొంటారా అని కోశాధికారి నిలదీశాడు. ఆయన అడిగింది న్యాయమే. పదిహేను వేలు పెడితే నడుస్తుందని చెప్పి ఒప్పించాం. ఎంత అయిందో చివర చెబుతా.

మాలో మెకానిక్ ఎవరూ లేరు. ఏడుగురం, అందరం రైతులం. కాని ఒక ధైర్యం ఉంది. మనలో డీజిల్ పంపుసెట్టు విప్పనివాడెవడు? బావి గట్టు మీద అర్ధరాత్రి లైటు పట్టుకుని నాజిల్ మార్చినోళ్లం. పైపులో గాలి చొరబడితే డీజిల్ ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ బుడగలు ఆగేదాకా వదలాలని మన పదేళ్ల పిల్లలకు కూడా తెలుసు. ఇందులో అలాంటి ఇంజనే, నాలుగు సిలిండర్లు ఉన్నాయి, అంతే తేడా అనుకున్నాం. ఆ "అంతే" దగ్గరే మోసపోయాం.

మొదటి పని ఇంజన్ తిరుగుతుందా అని చూడటం. తిరగలేదు. పట్టేసింది. సెల్ఫ్ కొట్టకుండా, నాజిళ్లు తీసి ఒక్కో సిలిండర్‌లో కొంచెం కొంచెం ఆయిల్ పోసి నాలుగు రోజులు వదిలేశాం. ఐదో రోజు పెద్ద పానాతో ముందరి పుల్లీ బోల్టు పట్టుకుని తిప్పితే వేలెడంత కదిలింది. ఆ రోజు చాయ్‌తో పాటు మిరపకాయ బజ్జీలు కూడా తెప్పించుకున్నాం. పట్టేసిన ఇంజన్‌కు తొందరపడి సెల్ఫ్ కొట్టేవాళ్లు రింగులు విరగ్గొట్టుకుంటారు. ఇది మాత్రం మేము తప్పు చేయకుండానే నేర్చుకున్నాం, నిజామాబాద్‌లో ఒక ముసలి ఉస్తాద్ ముందే చెప్పాడు కాబట్టి.

తర్వాత తుప్పు. బోల్టులు, బ్రాకెట్లు, కమాను పట్టీలు, బ్రేక్ డ్రమ్ములు అన్నీ తుప్పు పట్టి ఒకే రంగు. యాసిడ్ పోద్దామని ఒకరు, గ్రైండర్ పెడదామని ఒకరు. అప్పుడు ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చిన ఒక పెద్దాయన నవ్వి, "చెరకు రైతులై ఉండి తుప్పుకు మందు బజార్ల వెతుకుతున్నరా" అన్నాడు. మొలాసిస్! ఒక వంతు మొలాసిస్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి, జిడ్డు కడిగిన ఇనుప సామాను అందులో ముంచి పెట్టాలి. రెండు వారాలు ఓపిక పడితే తుప్పు మెత్తబడి, నీళ్లతో కొడితే ఊడి వస్తుంది. మంచి ఇనుమును తినదు. తుప్పును మాత్రం పట్టుకుని నీళ్లలో కలుపుకుంటుంది. కాని అల్యూమినియం సామాను వేయొద్దు, పాడవుతుంది. కడిగిన వెంటనే తుడిచి, ఆరబెట్టి, నూనె రాయకపోతే సాయంత్రానికి మళ్లీ ఎర్రబడుతుంది. మేము ఒక డ్రమ్ము అట్లా వదిలేసి మళ్లీ ముంచాల్సి వచ్చింది.

మొలాసిస్ తేవడమే ఒక కథ. ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో శక్కర్‌నగర్ దారిలో ఆ వాసన పీలుస్తూ బడికి పోయినవాళ్లం. ఇప్పుడు పశువుల దాణాలో కలిపేది రెండు డబ్బాలు దొరకబుచ్చుకున్నాం. అది ఎక్సైజ్ లెక్కలోని సరుకు, ఎవరైనా చూస్తే గుడుంబా కాస్తున్నారనుకుంటారని మా వాళ్లకు భయం. వారం తిరిగేసరికి పీపాలో నురగలు పొంగాయి, ఈగలు ముసిరాయి. పక్కింటావిడ వచ్చి, "అన్నా, నిజం చెప్పు, ఏం కాస్తున్నరు?" అని అడిగింది. మూత తీసి బ్రేక్ డ్రమ్ము చూపిస్తే గాని నమ్మలేదు.

ఇక మా తప్పుల దగ్గరికి వస్తా. హెడ్డు విప్పి కొత్త గ్యాస్కెట్ వేశాం. బోల్టులు ఒక పక్క నుంచి వరసగా బిగించేశాం, ట్రాక్టరు చక్రం నట్లయినా ఎదురెదురుగా బిగించే మనం! స్టార్ట్ చేసిన అరగంటకు రేడియేటర్‌లో బుడగలు, ఆయిల్ గేజి తీసి చూస్తే చాయ్ రంగు. నీళ్లు ఆయిల్‌లో కలిశాయి. మళ్లీ విప్పడం, మళ్లీ గ్యాస్కెట్. హెడ్డు బోల్టులు నడుమ నుంచి అంచులకు, మూడు విడతలుగా బిగించాలి. ఎంత బిగువో చూపించే టార్క్ పానా కావాలి. అది లేకుండా చెయ్యి అంచనాతో హెడ్డు బిగించొద్దు. గ్యాస్కెట్ నిజామాబాద్‌లో దొరకలేదు, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో నాలుగు దుకాణాలు తిరిగితే ఐదో దుకాణంలో దొరికింది. బస్సు చార్జీలు కలిపితే గ్యాస్కెట్ ధర రెట్టింపు.

రెండో తప్పు చెప్పడానికి సిగ్గుగా ఉంది, కాని ఇది చెప్పడానికే నేను ఒప్పుకున్నాను. బ్రేక్ డబ్బాలో పోసేదాన్ని మనమంతా బ్రేక్ ఆయిల్ అంటాం. పేరులో ఆయిల్ ఉంది. ఒక సాయంత్రం అది కొంచెం తక్కువైతే, మాలో ఒకరు పక్కనున్న ఇంజన్ ఆయిల్ పోశారు. ఆయిలే కదా అని. అది ఆయిల్ కాదు, వేరే ద్రవం. ఇంజన్ ఆయిల్ తగిలితే బ్రేకుల లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బిపోతాయి. మాకు తెలియదు. మూడో రోజు నిజాంసాగర్ కాలువ గట్టు మీద ట్రయల్ వేశాం. మొదట బండి ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు బరువుగా నడిచింది. చక్రాల దగ్గర కాలిన వాసన. గట్టు దిగుతుంటే పెడల్ నేలకు తగిలింది, బండి ఆగలేదు. నడుపుతున్న పిల్లగాడు తెలివిగా గేరు తగ్గించి నాట్లు వేయడానికి దున్ని నీళ్లు పెట్టిన మడిలోకి తిప్పాడు. మోకాలి లోతు బురదలో ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఐదు నిమిషాల ముందు ఆ గట్టు కిందే బడి పిల్లలు సైకిళ్ల మీద పోయారు.

ఆ రాత్రి మాలో ఎవరం సరిగా తినలేదు. పొద్దున మీటింగు పెట్టుకున్నాం. ఆయిల్ పోసినవాడిని తిట్టడం తేలిక, కాని బండి కింద దూరిన ఏడుగురిలో ఒక్కడికి కూడా తెలియకుండా రోడ్డు ఎక్కించిన తప్పు అందరిదీ. అప్పుడే గీత గీసుకున్నాం. బ్రేకులు, స్టీరింగు చేయి తిరిగిన మిస్త్రీ చూసి సరే అనాలి. డీజిల్ పంపు పరీక్ష పెట్టే మిషన్ ఉన్న దుకాణానికే పోవాలి. మిగతాది మనం చేసుకుందాం. మాస్టర్ సిలిండర్ నుంచి చక్రాల దాకా రబ్బర్లన్నీ మార్చి, పైపులు కడిగించాం. స్వయంగా నేర్చుకోవడం మంచిదే, ఊరి రోడ్డు మీద నేర్చుకోవడం మంచిది కాదు.

ఇంకో నియమం కూడా పెట్టుకున్నాం. ఈ బండి వెనక మనుషులను ఎక్కించం. నాట్లకు, చెరకు కోతకు కూలీలను గూడ్సు బండ్లలో నింపుకుపోయి బోల్తా పడ్డ వార్తలు మనం ఏటా చదువుతూనే ఉన్నాం. గూడ్సు బండిలో మనుషులను ఎక్కించడం చట్టానికి విరుద్ధం, ప్రమాదం జరిగితే బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది. కూలీ అక్కల ప్రాణం బస్తా కాదు.

కాగితాల సంగతి. యజమాని చనిపోతే వారసుల పేరు మీదికి మార్చాలి, అందుకు ఫారం 31 ఉంటుంది. తర్వాతే మన పేరుకు. బండి నడపకుండా నిలబెట్టేటప్పుడు ఆర్టీఏ ఆఫీసులో ముందే రాసివ్వాలి, లేకపోతే పన్ను లెక్క నడుస్తూనే ఉంటుంది. మాకు బకాయి అట్లాగే పడింది. ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు మారేలా ఏ మార్పు చేసినా ముందు అనుమతి తీసుకోవాలి. పదేళ్ల డీజిల్ బండ్లు తుక్కు కిందికే అని ఫోన్లలో తిరుగుతున్నది చాలామంది మమ్మల్ని అడిగారు. ఆ పదేళ్ల నిషేధం ఢిల్లీ చుట్టుపక్కలకు పెట్టింది. మన దగ్గర ఫిట్‌నెస్ పాసైతే నడపొచ్చు, కాకపోతే పాత బండికి ఫీజులు ఎక్కువ.

ఇంత కష్టం ఎందుకు, కిస్తీల మీద కొత్తది వస్తుంది కదా అని ఇక్కడే ఒక తమ్ముడు అన్నాడు. తమ్మీ, కొత్త బండి బానెట్ ఎత్తి చూడు. సెన్సర్లు, వైర్లు. లైటు వెలిగితే కంప్యూటర్ పెట్టి చూడాలి, ఆ కంప్యూటర్ షోరూంలో ఉంటుంది. 2023 జనవరి నుంచి యాభై హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు కూడా కొత్త పొగ నిబంధనలు వచ్చాయి. పొగ తగ్గడం మంచిదే, మేము దానికి అడ్డం కాదు. కాని రిపేరు రైతు చెయ్యి దాటిపోతున్నది. అమెరికాలో ఈ కొట్లాట ఎప్పుడో మొదలైంది. సొంత ట్రాక్టరును సొంతంగా బాగుచేసుకునే హక్కు కోసం అక్కడి రైతులు పోరాడితే 2023లో కొలరాడో రాష్ట్రం వ్యవసాయ యంత్రాలకు చట్టం చేసింది. 2025 జనవరిలో జాన్ డీర్ కంపెనీ మీద అక్కడి ప్రభుత్వ సంస్థే కేసు వేసింది. మన దగ్గర 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసింది, వ్యవసాయ పనిముట్లు కూడా అందులో ఉన్నాయి. చట్టం మాత్రం రాలేదు. మన డిమాండ్ల పత్రంలో ధర, కరెంటు, నీళ్ల పక్కన ఇది కూడా రాయాలని మా కమిటీ కోరుతున్నది.

చెరకు కోసిన ఇరవై నాలుగు గంటల్లో గానుగ చేరకపోతే బరువూ పోతుంది, తీపీ పోతుంది. ఇంటి పక్క ఫ్యాక్టరీకి తాళం పడ్డాక మిగిలిన కొద్దిమంది చెరకు రైతులు కామారెడ్డి జిల్లా దాకా పంపుతున్నారు. 2025-26 సీజన్‌కు కేంద్రం చెప్పిన ధర టన్నుకు 3,550 రూపాయలు, అందులో కోత కూలీ, కిరాయి పోను ఎంత మిగులుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. మా బండి రెండు టన్నుల బండి, అది చెరకు లోడ్ల సమస్య తీర్చదు. అట్లా చెబితే అబద్ధం. విత్తన చెరకు, ఎరువులు, నిజామాబాద్ మార్కెట్ యార్డుకు నాలుగైదు బస్తాల పసుపు పట్టుకుపోయే చిన్న రైతు సరుకు మాత్రం మోస్తుంది.

ఖర్చు చెబుతానన్నాను. పదిహేను వేలు అనుకున్నది తొంభై నాలుగు వేలయింది. రసీదులన్నీ కోశాధికారి దగ్గర ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు. చందా నుంచి ముప్పై వేలు, మిగతాది మేము ఏడుగురం వేసుకున్నాం. ఇంకోసారి చేస్తామా అంటే, ముందు విడిభాగాలు దొరుకుతాయా అని కనుక్కున్నాకే చేస్తాం.

పోయిన నెల ఫిట్‌నెస్ అయిన రోజు బండిని చిన్నమ్మ ఇంటి ముందు ఆపాం. ఆమె చుట్టూ తిరిగి చూసింది. డోరు మీద కాక రాయించిన పేరు మీద రంగు వేయకుండా వదిలేశాం, దాన్ని కొంగుతో తుడిచింది. "హారను మారింది" అన్నది. అవును, పాతది దొరకలేదు.

వైపర్ మోటారు కూడా ఇంకా దొరకలేదు. వానాకాలంలోగా కావాలి. మీ ఊళ్లో కొట్టాల వెనక ఇలాంటి బండి ఉంటే, అమ్మేముందు మాకు ఒక మాట చెప్పండి. సరుకు ఉన్న సభ్యులు రెండు రోజుల ముందు ఆఫీసు రిజిస్టర్‌లో రాసిపెట్టుకోండి, డీజిల్ ఖర్చు, డ్రైవర్ బత్తా ఇస్తే చాలు. నేర్చుకోవాలనుకునే పిల్లలు ఆదివారం పొద్దున ఏడింటికి పాత బట్టలు వేసుకుని రండి. ఈ వారం క్లచ్ విప్పుతున్నాం.